పక్కనున్న సిమెంట్ ఫ్యాక్టరీ ఎవరిది? షేర్ల లెక్కలో రాసే ఉంది.. చూసుకోకపోతే నష్టం మనకే!

దాచేపల్లి ఆంధ్రా సిమెంట్స్ నుంచి సత్యం, కార్వీ దాకా.. కంపెనీలో ఎవరికి ఎంత వాటా ఉందో చెప్పే రూల్స్ చిన్న ఇన్వెస్టర్‌కు ఎక్కడ అక్కరకొస్తాయి? ఎక్కడ చేయిస్తాయి? ప్రత్యేక విశ్లేషణ.

పిడుగురాళ్ల: సున్నపు బట్టీలు, ముగ్గురాయి, సిమెంటు లారీలు.. పిడుగురాళ్ల అంటే గుర్తొచ్చేవి ఇవే. ఇక్కడి నుంచి దాచేపల్లి, నడికుడి వైపు వెళ్తే సిమెంట్ ఫ్యాక్టరీలు వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ ఫ్యాక్టరీలతో ఊరి జనానికి ఉన్న సంబంధం ఉద్యోగం, లారీ కిరాయి, క్వారీ పని.. అంతవరకే. ఇప్పుడు ఇంకోటి కలిసింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో డీమ్యాట్ యాప్. రోజూ కళ్ల ముందు పొగ వదిలే ఫ్యాక్టరీ షేరు కాబట్టి మనకు తెలిసిన కంపెనీయే అనే ధీమాతో కొనేవాళ్లు పెరిగారు.

కానీ ఫ్యాక్టరీ తెలియడం వేరు, కంపెనీ తెలియడం వేరు. గేటు ముందు ఎన్ని లారీలు ఆగాయో రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. ఆ కంపెనీ అసలు ఎవరి చేతిలో ఉంది, వాళ్లు తమ షేర్లను ఎక్కడైనా తాకట్టు పెట్టారా, రేపు మార్కెట్లోకి ఇంకెన్ని షేర్లు వచ్చి పడతాయి అన్నది మాత్రం ఒక పట్టికలో ఉంటుంది. దాని పేరే షేర్ హోల్డింగ్ ప్యాటర్న్. లిస్టయిన ప్రతి కంపెనీ మూడు నెలలకోసారి దీన్ని బయటపెట్టాలి. డబ్బులు కట్టక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలోనే ఉంటుంది. సమస్యల్లా ఒక్కటే. చూసేవాళ్లు తక్కువ.

దాచేపల్లిలో ఏం జరిగింది?

ముందు మన పక్కనున్న కథే చూద్దాం. ఆంధ్రా సిమెంట్స్ ఇప్పటి కంపెనీ కాదు, 1936లో పుట్టింది. దీని దుర్గా సిమెంట్ వర్క్స్ దాచేపల్లి మండలం శ్రీనగర్‌లో ఉంది. డంకన్ గోయెంకా గ్రూప్ చేతిలో ఉన్న ఈ కంపెనీ 2012లో జేపీ గ్రూప్ చేతికి వెళ్లింది. అప్పులు పెరిగాయి. ఉత్పత్తి ఆగిపోయింది. చివరికి 2022లో దివాలా పరిష్కార ప్రక్రియ మొదలై వ్యవహారం ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్‌కు చేరింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌కు చెందిన సాగర్ సిమెంట్స్ ప్రతిపాదించిన ప్రణాళికకు ట్రైబ్యునల్ ఓకే చెప్పింది. ప్రణాళిక విలువ సుమారు 922 కోట్ల రూపాయలు. ఫ్యాక్టరీ మళ్లీ నడిచింది.

ఊరికి ఇది మంచి వార్తే. మూతపడ్డ ఫ్యాక్టరీ తెరుచుకుంటే కూలి దొరుకుతుంది, కిరాయి దొరుకుతుంది, టీ కొట్టు కూడా నడుస్తుంది. మరి పాత షేర్లు పట్టుకుని కూర్చున్న చిన్న ఇన్వెస్టర్ సంగతేంటి?

అతనికి వచ్చిన లెక్క ఇదీ. కొత్త ప్రణాళిక ప్రకారం కంపెనీలో 95 శాతం వాటా సాగర్ సిమెంట్స్‌ది. ప్రమోటర్లు కాని సామాన్య షేర్ హోల్డర్లందరికీ కలిపి మిగిలింది 5 శాతం. దివాలాకు ముందు ఇదే పబ్లిక్ వాటా దీనికి ఎన్నో రెట్లు ఉండేది. ఫ్యాక్టరీ బతికింది కానీ, పాత షేర్ హోల్డర్ల భాగం మాత్రం చిన్న ముక్కగా మిగిలింది.

ఇందులో మోసం ఏమీ లేదు. దివాలా చట్టమే అలా ఉంది. వచ్చిన డబ్బు ముందు దివాలా ప్రక్రియ ఖర్చులకు, తరవాత బ్యాంకులకు, కార్మికుల బకాయిలకు, ప్రభుత్వానికి, ఇతర అప్పులవాళ్లకు వెళ్తుంది. వరసలో చిట్టచివర నిలబడేది షేర్ హోల్డర్. చాలా సందర్భాల్లో ఆయన వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు. దివాన్ హౌసింగ్ కంపెనీ సంగతి గుర్తుందా? 2021లో పిరమల్ గ్రూప్ టేకోవర్ చేసినప్పుడు పాత షేర్ల విలువ సున్నా అయిపోయింది. మార్కెట్ నుంచే డీలిస్ట్ అయింది. ఆ లెక్కన ఆంధ్రా సిమెంట్స్ షేర్ హోల్డర్లకు కనీసం 5 శాతమైనా మిగిలింది.

ఇక్కడే జనం బోల్తా పడుతున్నారు. "పెద్ద కంపెనీ కొంటోందంట, షేరు పెరుగుద్ది" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. ఐదు రూపాయలకో పది రూపాయలకో దొరుకుతోంది కదా అని కొనేస్తారు. పెద్ద కంపెనీ కొనేది ఫ్యాక్టరీని. మన దగ్గరున్న పాత షేరును ఆదుకోవాల్సిన బాధ్యత దానికి లేదు. పరిష్కార ప్రణాళికలో పాత షేర్లను ఏం చేస్తారు, ఎంత తగ్గిస్తారు, ఉంచుతారా రద్దు చేస్తారా అన్నది చదవకుండా దివాలా కంపెనీ షేరు కొనడమంటే, దస్తావేజు చూడకుండా పొలం కొన్నట్టే.

5 శాతం రూల్ వెనక ఇంకో లెక్క

లిస్టయిన కంపెనీలో కనీసం 25 శాతం వాటా పబ్లిక్ దగ్గర ఉండాలన్నది దేశంలో రూల్. దివాలా నుంచి బయటపడ్డ కంపెనీలకు కొంత వెసులుబాటు ఉంది. 2021లో మార్చిన నిబంధన ప్రకారం కనీసం 5 శాతం పబ్లిక్ వాటాతో మొదలుపెట్టవచ్చు. 12 నెలల్లో 10 శాతానికి, 3 ఏళ్లలో 25 శాతానికి పెంచాలి. సాగర్ దగ్గరున్న 95 శాతం అంటే ఈ నిబంధన అనుమతించే గరిష్ఠ వాటా అన్నమాట. తరవాత కొంత అమ్మి సాగర్ తన వాటాను 90 శాతానికి దించుకుంది.

సామాన్యుడికి ఇందులో అర్థం కావాల్సినవి రెండు విషయాలు.

ఒకటి, ధర సంగతి. వందలో 95 షేర్లు ఒకే చేతిలో ఉంటే, రోజూ మార్కెట్లో చేతులు మారేది మిగిలిన ఐదింట్లో కొన్ని మాత్రమే. సరుకు తక్కువ కాబట్టి నలుగురు కొంటే ధర ఎగురుతుంది, నలుగురు అమ్మితే పడుతుంది. స్క్రీన్ మీద కనిపించే మార్కెట్ విలువ మొత్తం కంపెనీకి లెక్కగడతారు కానీ, ఆ ధర తేల్చింది మాత్రం గుప్పెడు షేర్ల బేరం. సంతలో రెండే రెండు బస్తాలుంటే పలికిన రేటును యార్డు రేటు అనుకుంటామా?

రెండోది, సరఫరా సంగతి. ప్రమోటర్ వాటా 75 శాతం కన్నా ఎక్కువ ఉందంటే, గడువులోగా దాన్ని తగ్గించక తప్పదు. అంటే ముందుముందు మార్కెట్లోకి మరిన్ని షేర్లు రావాల్సిందే. ఆఫర్ ఫర్ సేల్ రూపంలో వస్తే చిన్న ఇన్వెస్టర్లకు అందులో కనీసం 10 శాతం కేటాయిస్తారు. ఈ సంగతి ముందే తెలిసినవాడు తొందరపడి ఎక్కువ ధరకు కొనడు. తెలుసుకోవడానికి కావాల్సిందల్లా షేర్ హోల్డింగ్ పట్టికలో మొదటి వరస చూడటమే.

పొందుగల వంతెన దాటితే ఇంకో పాఠం

దాచేపల్లి దాటి పొందుగల దగ్గర కృష్ణా వంతెన ఎక్కితే అవతల వాడపల్లి, విష్ణుపురం. అక్కడి సిమెంట్ ఫ్యాక్టరీ మొదట బీవీ రాజు నిర్మించిన రాశీ సిమెంట్‌ది. 1998లో ఇండియా సిమెంట్స్ ముందు మార్కెట్లో రాశీ షేర్లు పోగేసి, తరవాత షేరుకు 300 రూపాయల చొప్పున ఓపెన్ ఆఫర్ ప్రకటించింది. చివరికి రాజు తన వాటా అమ్మేశారు. కంపెనీ చేతులు మారింది. దేశంలో అప్పట్లో బాగా చర్చకొచ్చిన టేకోవర్లలో ఇదొకటి.

పాతికేళ్లు తిరిగేసరికి సీన్ రివర్స్ అయింది. ఈసారి ఇండియా సిమెంట్సే టార్గెట్. 2024 జూన్‌లో అల్ట్రాటెక్ షేరుకు 267 రూపాయల వరకు పెట్టి సుమారు 23 శాతం వాటా కొనేందుకు నిర్ణయించింది. నెల తిరిగేసరికి, జూలై 28న ప్రమోటర్ల దగ్గరున్న 32.72 శాతం వాటాను షేరుకు 390 రూపాయల చొప్పున కొనబోతున్నట్టు ప్రకటించింది. దాంతో సామాన్య షేర్ హోల్డర్లకూ అదే 390 రూపాయలకు ఓపెన్ ఆఫర్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ డిసెంబరుకల్లా కంపెనీ అల్ట్రాటెక్ చేతికొచ్చింది.

ఇందులో రూల్ ఎలా పనిచేసిందో చూడండి. ఎవరైనా ఒక లిస్టెడ్ కంపెనీలో 5 శాతం వాటా దాటితే 2 పనిదినాల్లో చెప్పాలి. ఆ తరవాత 2 శాతం మేర పెరిగినా తగ్గినా మళ్లీ చెప్పాలి. 25 శాతానికి చేరితే మాత్రం చెప్పి ఊరుకుంటే సరిపోదు. మిగతా షేర్ హోల్డర్ల నుంచి కనీసం 26 శాతం కొంటానని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. 2011 నాటి సెబీ టేకోవర్ నిబంధనలివి. యజమాని మారుతున్నప్పుడు పాత ప్రమోటర్‌కు మాత్రమే మంచి ధర ఇచ్చి, చిన్నవాళ్లను గాలికి వదిలేయకుండా ఈ ఏర్పాటు.

23 శాతం దగ్గర ఆగినప్పుడు ఓపెన్ ఆఫర్ అవసరం రాలేదు. కానీ వార్త మాత్రం బయటికి వచ్చింది. ఒక పెద్ద సిమెంట్ కంపెనీ ఇంకో సిమెంట్ కంపెనీలో 25 శాతం గీతకు రెండడుగుల దూరంలో నిలబడిందంటే, పట్టిక చదివేవాడికి అదే ఒక సంకేతం. జూన్‌లో వచ్చిన పెరుగుదల చూసి సంతోషంగా అమ్మేసుకున్నవాళ్లకు 390 రూపాయల ఆఫర్ అందలేదు. ఓపికపట్టినవాళ్లకు అందింది. అలాగని గీత దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరూ దాటతారని గ్యారంటీ లేదు. ఆ రూల్ మనకు ఇచ్చేది సమాచారం. లాభం మాత్రం ఎవరూ రాసివ్వరు.

మిర్చి తాకట్టు, షేర్ల తాకట్టు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన కాలమ్ గురించి. పల్నాడు రైతుకు కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెట్టి దాని మీద అప్పు తీసుకోవడం కొత్త కాదు. రేటు బాగున్నప్పుడు ఇబ్బంది లేదు. రేటు పడిపోతే మాత్రం అప్పిచ్చినవాడు ఊరుకోడు. "ఇంకొంత డబ్బు కట్టు, లేదా సరుకు అమ్మేస్తా" అంటాడు. అందరూ ఒకేసారి అమ్మడం మొదలుపెడితే రేటు ఇంకా పడుతుంది.

కంపెనీ ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడం కూడా అచ్చం ఇలాంటిదే. షేరు ధర పడితే అప్పిచ్చినవాళ్లు అదనపు షేర్లో డబ్బో అడుగుతారు. ఇవ్వలేకపోతే తాకట్టులో ఉన్న షేర్లను మార్కెట్లో అమ్మేస్తారు. ధర ఇంకా పడుతుంది. తేడా ఒక్కటే. మిర్చి విషయంలో నష్టం రైతుది. షేర్ల విషయంలో అదే షేరు పట్టుకున్న లక్షలాది మంది చిన్న ఇన్వెస్టర్లు కూడా ప్రమోటర్‌తో పాటు మునుగుతారు.

దీనికి తెలుగువాళ్లకు తెలిసిన ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2001లో కంపెనీలో పాతిక శాతం దాకా ఉన్న ప్రమోటర్ల వాటా 2008 నాటికి 9 శాతం లోపుకు దిగింది. ఇది బహిరంగంగా ఉన్న లెక్కే. వ్యవస్థాపకుడే తన కంపెనీలో అంత తక్కువ వాటా పెట్టుకున్నాడేంటని అడిగినవాళ్లు కొద్దిమంది. ఆ మిగిలిన వాటాలోనూ షేర్లు తాకట్టులో ఉన్నాయన్న సంగతి మాత్రం సామాన్యుడికి తెలిసే దారి అప్పట్లో లేదు. ఎందుకంటే తాకట్టు వివరాలు చెప్పి తీరాలన్న రూలే లేదు.

2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రతిపాదన వచ్చి, ఇన్వెస్టర్లు గొడవ చేయడంతో వెనక్కి పోయింది. షేరు కుప్పకూలింది. డిసెంబరు చివరికి అప్పిచ్చినవాళ్లు తాకట్టు షేర్లు అమ్మేశారు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. ఆ ఒక్కరోజే షేరు 179 రూపాయల నుంచి 40 రూపాయల లోపుకు పడిపోయింది. హైదరాబాద్‌లోనే కాదు, గుంటూరు, నరసరావుపేటల్లో కూడా ఉద్యోగుల కుటుంబాలు, పింఛన్ డబ్బు పెట్టుకున్నవాళ్లు ఆ షేరు మీద నమ్మకం పెట్టుకున్న రోజులవి.

రెండు వారాలకే, జనవరి 21న సెబీ బోర్డు నిర్ణయం తీసుకుంది. ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెడితే చెప్పి తీరాలి. నెలాఖరుకల్లా అది నిబంధనగా వచ్చింది. ఇప్పుడు తాకట్టు పెట్టినా, విడిపించుకున్నా, అప్పిచ్చినవాళ్లు జప్తు చేసుకున్నా 7 పనిదినాల్లో తెలపాలి. 2019 ఆగస్టులో దీన్ని ఇంకా బిగించారు. ప్రమోటర్ల వాటాలో సగం, లేదా మొత్తం కంపెనీ షేర్లలో 20 శాతం తాకట్టులోకి వెళ్తే ఎందుకు పెట్టారో కారణం కూడా రాయాలి.

ఈ కాలమ్ చదివేటప్పుడు ఒక చిన్న లెక్క మర్చిపోవద్దు. పట్టికలో తాకట్టు శాతం అంటే ప్రమోటర్ షేర్లలో శాతం. ఉదాహరణకు ప్రమోటర్ వాటా 50 శాతం, అందులో తాకట్టు 40 శాతం అనుకుందాం. అంటే మొత్తం కంపెనీలో 20 శాతం షేర్లు అప్పులవాళ్ల చేతిలో ఉన్నట్టే. 40 అనే అంకె చూసి కంగారుపడటం, 20 అనుకుని తేలిగ్గా తీసుకోవడం రెండూ సరి కాదు. గత నాలుగైదు త్రైమాసికాల్లో ఆ అంకె పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే అసలు చూడాల్సింది.

మన షేర్లు మన దగ్గరే ఉన్నాయా?

ఇప్పటిదాకా చెప్పుకున్నది కంపెనీ యజమానుల సంగతి. మరి మన యాప్‌లో కనిపించే షేర్లు నిజంగా మన పేరు మీదే ఉన్నాయా? ఈ ప్రశ్న లేపింది కూడా హైదరాబాద్ కేంద్రంగా నడిచిన సంస్థే.

2019 నవంబరు 22న కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. క్లయింట్లు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని, వాళ్ల షేర్లను తన ఖాతాలోకి మార్చుకుని, బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందన్నది అభియోగం. అదే డిసెంబరులో 80 వేల మందికి పైగా క్లయింట్లకు షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లోకి చేర్చారు. 2023 ఏప్రిల్‌లో కార్వీని, దాని అధిపతి పార్థసారథిని సెబీ ఏడేళ్ల పాటు మార్కెట్ నుంచి నిషేధించి, జరిమానా వేసింది.

జిల్లాల్లో కార్వీ బ్రాంచీలకు వెళ్లి కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లలో చాలామందికి పవర్ ఆఫ్ అటార్నీ అంటే ఏంటో తెలియదు. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ పెట్టండి సార్" అంటే పెట్టేశారు. ఈ కేసు తరవాతే పద్ధతి మారింది. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం షేర్లు ఇవ్వాలంటే అవి మన డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి, వాటి మీద తాకట్టు గుర్తు పడుతుంది. దానికి మన ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఇవ్వాలి. అందుకే ఆ ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదు. అది సంతకంతో సమానం.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బ్రోకర్ పంపే స్టేట్‌మెంట్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నేరుగా పంపే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ చూడాలి. రెండింట్లో షేర్ల సంఖ్య ఒకేలా ఉంటే సరే. తేడా వస్తే వెంటనే బ్రోకర్‌ను రాతపూర్వకంగా అడగాలి. సమాధానం రాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

పేరు ఒకరిది, డబ్బు ఇంకొకరిదా?

బినామీ అంటే మనకు భూముల్లో తెలిసిన మాటే. షేర్లలోనూ ఈ అనుమానం ఉంది. పట్టికలో 1 శాతం, అంతకు మించి వాటా ఉన్న పబ్లిక్ షేర్ హోల్డర్ల పేర్లు ఉంటాయి. కానీ ఆ పేరు విదేశంలో ఉన్న ఒక ఫండ్‌దైతే? ఆ ఫండ్ వెనక డబ్బు ఎవరిది?

2023 జనవరిలో అమెరికా సంస్థ హిండెన్‌బర్గ్ అదానీ గ్రూప్‌పై చేసిన ఆరోపణలతో ఈ ప్రశ్న దేశమంతా మోగింది. కృష్ణపట్నం, గంగవరం పోర్టులు అదానీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఆంధ్రప్రదేశ్‌కూ అది దూరపు వార్త కాదు. గ్రూప్ ఆ ఆరోపణలను ఖండించింది. అందులో కొన్నిటిపై నిబంధనల ఉల్లంఘన రుజువు కాలేదని 2025 సెప్టెంబరులో సెబీ తేల్చింది. ఈలోగా 2023 ఆగస్టులోనే కొత్త రూల్ వచ్చింది. విదేశీ ఫండ్ తన భారతీయ షేర్లలో సగానికి మించి ఒకే గ్రూప్‌లో పెడితే, లేదా మొత్తం పెట్టుబడి 25 వేల కోట్లు దాటితే, వెనకున్న చివరి మనిషి వరకు వివరాలు ఇవ్వాలి. 2025లో రెండో పరిమితిని 50 వేల కోట్లకు పెంచారు.

అయితే ఒక మెలిక ఉంది. ఈ వివరాలు వెళ్లేది నియంత్రణ వ్యవస్థకు. సామాన్యుడు చూసే పట్టికలోకి రావు. అంటే వెనకున్నది ఎవరో అధికారులకు తెలుస్తుంది, మనకు తెలియదు.

లిస్ట్ కాని కంపెనీల విషయంలో అయితే ఈ మాత్రం కూడా కనిపించదు. ఇదే పల్నాడులో దాచేపల్లి, మాచవరం మండలాల్లో భూములున్న సరస్వతీ పవర్ షేర్ల బదిలీపై మాజీ ముఖ్యమంత్రి వైఎస్ జగన్ కుటుంబంలో వచ్చిన వివాదం 2024లో ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్‌కు చేరింది. ఎవరి పేరు మీద ఎన్ని షేర్లున్నాయన్నది కోర్టు గొడవతో జనంలో చర్చకొచ్చింది. అది లిస్టెడ్ కంపెనీ కాదు కాబట్టి మూడు నెలలకోసారి పట్టిక బయటపెట్టే రూల్ దానికి లేదు. "త్వరలో లిస్ట్ అవుద్ది, ఇప్పుడే తక్కువలో తీసుకోండి" అంటూ అన్‌లిస్టెడ్ షేర్లు అంటగట్టేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాల్సింది ఇందుకే.

రూల్ ఎప్పుడూ నష్టం వెనకాలే..

పైన చెప్పుకున్న కేసులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సత్యం మునిగాక తాకట్టు రూల్ వచ్చింది. కార్వీ బయటపడ్డాక ఓటీపీ పద్ధతి వచ్చింది. హిండెన్‌బర్గ్ రిపోర్టు తరవాత విదేశీ ఫండ్ల రూల్ వచ్చింది. నష్టపోయినవాళ్ల అనుభవమే తరవాతివాళ్లకు రక్షణ అయింది. కాబట్టి ఇప్పుడున్న రూల్స్ నిన్నటి మోసాన్ని ఆపుతాయి. రేపటి మోసం ఎలా ఉంటుందో వాటికి తెలియదు.

టైమ్ కూడా చిన్న ఇన్వెస్టర్‌కు అనుకూలంగా లేదు. త్రైమాసికం ముగిశాక పట్టిక ఇవ్వడానికి కంపెనీకి 21 రోజుల గడువు ఉంది. ఏప్రిల్ మొదట్లో పెద్ద ఫండ్ కొద్దికొద్దిగా అమ్మడం మొదలుపెడితే, అది 2 శాతం గీత దాటకపోతే, మనకు పూర్తి బొమ్మ కనిపించేది జూలై మూడో వారంలో. బల్క్ డీల్స్ వివరాలు మాత్రం అదే రోజు సాయంత్రం వస్తాయి. కంపెనీ మొత్తం షేర్లలో అర శాతానికి మించి ఒకరే ఒకరోజులో కొన్నా అమ్మినా ఆ పేరు ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో పెడతారు.

ఇక భాష. ఈ ఫైలింగ్స్ అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. పది పేజీల పీడీఎఫ్, అందులో కోడ్‌లు, సెక్షన్లు. కారంపూడి నుంచి యాప్‌లో షేరు కొనే కుర్రాడికి కొనే బటన్ తెలుగులో కనిపించొచ్చు. కానీ ఆ కంపెనీ యజమాని తన వాటా తాకట్టు పెట్టాడన్న సమాచారం మాత్రం తెలుగులో దొరకదు. అమ్మే సరుకు గురించి ప్రచారం మన భాషలో, హెచ్చరిక మాత్రం పరాయి భాషలో ఉంటే, వివరాలు వెల్లడించినట్టేనా? కాగితం మీద అవును. ఆచరణలో సగమే. కనీసం ప్రమోటర్ వాటా, తాకట్టు, మూడు నెలల్లో వచ్చిన మార్పు.. ఈ మూడు అంకెలను కొనుగోలు బటన్ పక్కనే ప్రాంతీయ భాషలో చూపించమని బ్రోకింగ్ యాప్‌లకు చెప్పడం పెద్ద పనేం కాదు. సమాచారం ఇప్పటికే ఉంది. దాన్ని సరైన చోట పెట్టడమే మిగిలింది.

కొనేముందు ఐదు నిమిషాలు.. ఇవి చూడండి

1. ప్రమోటర్ వాటా: గత నాలుగు త్రైమాసికాల్లో పెరిగిందా, తగ్గిందా? తగ్గితే కారణం ఏంటి? కనీస పబ్లిక్ వాటా రూల్ కోసం తగ్గించుకోవడం వేరు, నిశ్శబ్దంగా అమ్ముకుని పోవడం వేరు.

2. తాకట్టు: సున్నా ఉంటే మంచిది. ఉంటే పెరుగుతోందా తగ్గుతోందా చూడాలి. షేరు ధర పడుతున్నప్పుడు తాకట్టు పెరుగుతుంటే అది గట్టి హెచ్చరిక.

3. చిన్నవాళ్ల వాటా: 2 లక్షల రూపాయల లోపు ముఖ విలువ షేర్లున్న వ్యక్తుల వరస ఒకటి ఉంటుంది. ప్రమోటర్, ఫండ్లు తగ్గుతూ ఈ వరస మాత్రం పెరుగుతోందంటే, పెద్దవాళ్లు దించుకున్న బరువు చిన్నవాళ్లు ఎత్తుకుంటున్నారేమో ఆలోచించాలి.

4. దివాలా ప్రక్రియ: కంపెనీ ఎన్‌సీఎల్‌టీలో ఉంటే, పరిష్కార ప్రణాళికలో పాత షేర్ల సంగతి ఏం రాశారో తెలియకుండా చేయి పెట్టొద్దు.

5. మన ఖాతా: నెలకోసారి డిపాజిటరీ స్టేట్‌మెంట్, యాప్‌లో కనిపించే షేర్లు సరిపోలుతున్నాయా చూసుకోవాలి. ఫోన్ నంబర్, ఈమెయిల్ మారితే వెంటనే అప్‌డేట్ చేయించాలి. ఎస్ఎంఎస్ రాకపోతే మనకు తెలిసే దారి మూసుకుపోయినట్టే.

పొలం కొనేటప్పుడు పల్నాడులో ఎవరైనా అడంగల్ చూస్తారు, ఈసీ తీయిస్తారు, సరిహద్దు రైతులను అడుగుతారు. అంత జాగ్రత్త ఉన్న మనిషే షేరు దగ్గరికి వచ్చేసరికి మెసేజ్ చూసి బటన్ నొక్కేస్తున్నాడు. షేర్ హోల్డింగ్ ప్యాటర్న్ అంటే కంపెనీకి ఈసీ లాంటిదే. ఎవరి పేరు మీద ఉంది, ఎక్కడ తాకట్టులో ఉంది అన్నీ అందులో ఉంటాయి. దాన్ని బయటపెట్టమని సెబీ కంపెనీని బలవంతం చేయగలదు. తెరిచి చూడమని మనల్ని మాత్రం ఎవరూ బలవంతం చేయలేరు.